నలభై వేల గండుపిల్లి

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది చీపురుపల్లి. చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుకుంటున్నాం. ఇంట్లో తెలుపు, నలుపు, నారింజ కలిసిన ఆడపిల్లి ఉంది, పేరు బంగారి. రెండు నెలల కిందట నాలుగు పిల్లల్ని పెట్టింది. రెండు మగవి: ఒకటి నారింజ, ఒకటి నలుపు తెలుపు. రెండు ఆడవి: ఒకటి తల్లిలాగే మూడు రంగులది, ఇంకొకటి ఒక్క తెల్ల వెంట్రుక లేకుండా పూర్తి నలుపు. మూడు రంగుల గండుపిల్లి వేలల్లో ఒకటే ఉంటుందని, అది షాపులో ఉంటే వ్యాపారం కలిసొస్తుందని మా ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూశారు. అలాంటిది తన దగ్గర ఉందని, 40 వేలకి ఇస్తానని ఒకాయన చెప్పాడట. మా ఆయన నన్ను అడక్కుండా 5 వేలు అడ్వాన్సు ఫోన్‌లో పంపేశారు. దాన్ని బంగారితో కలిపితే పుట్టేవన్నీ మూడు రంగులవే అవుతాయని, అమ్ముకోవచ్చని ఆయన లెక్క. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. "మూడు రంగులు ఆడపిల్లికే వస్తాయి నాన్నా, ఒక ఎక్స్ క్రోమోజోమ్‌ని ఆర్‌ఎన్‌ఏ మూసేస్తుంది" అంటుంది. "మూసేస్తే రంగులెలా వస్తాయే?" అని ఆయన ఎదురు ప్రశ్న. అమ్మాయికీ ఒక సందేహం ఉంది. ఆర్‌ఎన్‌ఏ ఉన్నది ప్రొటీన్ తయారీకి కదా, అది క్రోమోజోమ్‌ని ఎలా మూస్తుంది? ఇది చాలక, ఈ నాలుగు పిల్లలకీ తండ్రి ఎదురింటి నారింజ గండుపిల్లేనని ఆయన అనుమానం, దాని మీద వేరే గొడవ. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెబుతాను, సైన్సు తర్వాత. మిగిలిన 35 వేలు పంపనివ్వకండి. అవతలివాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే, పిల్లి మీ కళ్ళెదుటికి వచ్చి, దాన్ని పశువుల డాక్టరు చూసేదాకా ఒక్క రూపాయి కదలకూడదు. మీకు గరివిడి పక్కనే ఉంది, అక్కడ పశువైద్య కళాశాల ఉంది. "పిల్లిని తీసుకుని రండి, కలిసి వెళ్ళి గరివిడిలో చూపిద్దాం, మగదని తేలితే అక్కడే డబ్బు సంగతి మాట్లాడుకుందాం" అని మీ ఆయన చేతే చెప్పించండి. నిజంగా పిల్లి ఉన్నవాడైతే బయల్దేరి వస్తాడు. లేనివాడైతే ఆ సాయంత్రం నుంచే ఫోన్ స్విచ్చాఫ్ వస్తుంది. అలా వస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఇలాంటి ఆన్‌లైన్ మోసాల కోసమే ఆ నంబరు పెట్టారు.

ఇక అసలు గొడవ. మీ అమ్మాయి చెప్పింది నిజం. అలాగని మీ ఆయన అడిగింది తెలివితక్కువ ప్రశ్నేం కాదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో "మూసేస్తే రంగులెలా వస్తాయి?" అని క్లాసులో ఒక్కరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు, రాసుకుని వెళ్ళిపోయేవారు.

కణంలో జన్యువులు వరుసగా ఉండే డీఎన్‌ఏ పోగుని క్రోమోజోమ్ అంటారు. పిల్లికి నారింజ రంగు ఇచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. తెల్ల మచ్చల్ని ఇచ్చే జన్యువు అక్కడ లేదు, వేరే క్రోమోజోమ్ మీద ఉంది. అంచేత తెలుపుని కాసేపు పక్కన పెట్టండి, కథంతా నలుపుకీ నారింజకీ మధ్యే. గండుపిల్లికి ఒక ఎక్స్, ఒక వై. ఉన్న ఒక్క ఎక్స్ మీద నారింజ రకం ఉంటే పిల్లి నారింజ, మామూలు రకం ఉంటే నలుపు. రెండూ కలిసి ఉండటానికి చోటు లేదు. ఆడపిల్లికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ఎక్స్‌లు వస్తాయి. ఒకదాని మీద నారింజ, రెండోదాని మీద నలుపు ఉండొచ్చు. బంగారిది అదే పరిస్థితి.

ఒంట్లోని కణాలన్నీ కూడబలుక్కుని ఒకే ఎక్స్‌ని మూసేస్తే మీ ఆయన అన్నదే జరిగేది, బంగారి ఒంటి నిండా ఒకే రంగు ఉండేది. కానీ కణాలు కూడబలుక్కోవు. బంగారి తన తల్లి కడుపులో ఇంకా చిన్న కణాల ముద్దగా ఉన్నప్పుడే ప్రతి కణం తన రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేసింది. ఏది మూయాలన్నది ఏ కణం పాటికి ఆ కణం బొమ్మా బొరుసూ వేసుకున్నట్టే. కానీ ఒకసారి మూశాక మాట మార్చదు. ఆ కణం రెండై, నాలుగై, లక్షలైనా, దాని సంతానమంతా అదే ఎక్స్‌ని మూసే ఉంచుతుంది. ఇప్పుడు బంగారి వీపు మీద ఒక నారింజ మచ్చ మీద చేయి పెట్టమనండి మీ ఆయన్ని. అక్కడి రంగు కణాలన్నిటిలో నలుపు ఎక్స్ మూసి ఉంది. పక్కనున్న నల్ల మచ్చలో నారింజ ఎక్స్ మూసి ఉంది. రెండు రంగులూ ఒకే పిల్లి మీద కనిపిస్తున్నాయంటే కారణం మూయడమే. మూయకపోతే ఈ మచ్చలే లేవు.

తెలుపు సంగతి కూడా చెప్పేస్తాను. రంగు కణాలు పిండంలో వెన్ను దగ్గర పుట్టి ఒంటి మీదకంతా పాకుతూ వెళ్తాయి. అవి చేరుకోని చోటు తెల్లగా మిగిలిపోతుంది. తెలుపు ఎక్కువ ఉన్న పిల్లిలో బయల్దేరిన రంగు కణాలు తక్కువ, అందుకని ఒక్కొక్క కణం సంతానమే పెద్ద మేర ఆక్రమిస్తుంది, మచ్చలు పెద్దవిగా వస్తాయి. తెలుపు లేని పిల్లిలో నలుపూ నారింజా చల్లినట్టు కలిసిపోయి ఉంటాయి.

చిత్రమేమిటంటే ఈ సంగతికి మొదటి ఆచూకీ దొరికింది కూడా పిల్లుల్లోనే. 1949లో కెనడాలో మర్రే బార్, ఆయన విద్యార్థి యూవర్ట్ బెర్‌ట్రామ్ పిల్లి నరాల కణాల్ని మైక్రోస్కోప్ కింద చూస్తుంటే, కొన్ని పిల్లుల కణాల్లో కేంద్రకం లోపల ఒక చిన్న నల్లటి చుక్క కనిపించింది, కొన్నిటిలో లేదు. చుక్క ఉన్నవి ఆడపిల్లులు. మీ అమ్మాయి పుస్తకాల్లో బార్ బాడీ అనే మాట కనిపిస్తే అది ఈ చుక్కే. ఆ చుక్క ముడుచుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమ్ అని 1959లో సుసుము ఓనో చూపించారు. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లయన్ అనే శాస్త్రవేత్త ఎలుకల బొచ్చు మీది మచ్చల్ని చూసి, ఆడజంతువు ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ మూతపడుతుందని, ఏది మూతపడేదీ కణానికొక తీరని రాశారు. అప్పటికి ఆవిడ చేతిలో ఉన్నది ఎలుకల పెంపకం లెక్కలు, బొచ్చు రంగులు, ఓనో చూపించిన ఆ ముడుచుకున్న ఎక్స్. అంతే. ఆ కాస్త ఆధారంతో అంత పెద్ద మాట చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూసేది ఎవరన్నది మరో 30 ఏళ్ళు తెలియలేదు. 1991లో మనిషి ఎక్స్ మీద ఒక విచిత్రమైన జన్యువు దొరికింది. మిగతా జన్యువులన్నీ తెరిచి ఉన్న ఎక్స్ మీద పనిచేస్తుంటే ఇది మాత్రం మూసిన ఎక్స్ మీదే పనిచేస్తోంది. షట్టర్ దించేసిన షాపు లోపల ఒక్క లైటు వెలుగుతున్నట్టు. దానికి ఎగ్జిస్ట్ అని పేరు పెట్టారు. దాని నుంచి నకలుగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ మనిషిలో దాదాపు 17,000 అక్షరాల పొడవు. అంత పొడవు ఆర్‌ఎన్‌ఏలో ప్రొటీన్‌కి పనికొచ్చే వాక్యం మాత్రం లేదు. అది కేంద్రకం దాటి బయటికే రాదు.

ఇక్కడే మీ అమ్మాయి సందేహం. దానికి ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. జన్యువు అంటే పెద్ద వంటల పుస్తకంలో ఒక పేజీ, ఆర్‌ఎన్‌ఏ అంటే ఆ పేజీకి తీసిన జిరాక్సు, అది వంటవాడి దగ్గరికి వెళ్తే ప్రొటీన్ అనే వంటకం తయారవుతుంది – ఇదీ నేను చాలా ఏళ్ళు పిల్లలకి చెప్పిన పాఠం. పరీక్షకి సరిపోతుంది గానీ సగమే నిజం. నిజానికి ప్రొటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏలు రెండు మీ అమ్మాయికి ముందే తెలుసు. టీ-ఆర్‌ఎన్‌ఏ, ఆర్-ఆర్‌ఎన్‌ఏ. ఇవి జిరాక్సు కాగితాలు కావు, వంటగదిలో పనిముట్లు. ఈ రెండింటినీ చదివి కూడా ఆర్‌ఎన్‌ఏ అంటే ప్రొటీన్‌కి తీసిన జిరాక్సే అనుకోవడం మా తరం చేసిన అలవాటు, పిల్లల తప్పు కాదు. మనిషి డీఎన్‌ఏ మొత్తంలో ప్రొటీన్ రాసే భాగం రెండు శాతం కూడా ఉండదు. మిగతాది చెత్త అని నేను కూడా క్లాసులో అన్న రోజులున్నాయి.

ఎగ్జిస్ట్ ఏం చేస్తుందంటే, తనను తీసిన క్రోమోజోమ్‌నే అంటిపెట్టుకుంటుంది. జిరాక్సు కాగితాలు వంటవాడికి వెళ్ళకుండా, ఆ పుస్తకం పేజీల మీదే ఒకటొకటిగా అతికించేసినట్టు అనుకోమనండి. ఒక చోట మొదలై క్రోమోజోమ్ పొడుగునా పరుచుకుంటుంది. ఊరికే కప్పితే మూతపడదు. ఆ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని కొన్ని ప్రొటీన్లు చేరతాయి, వాటిలో ముఖ్యమైనది స్పెన్. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రొటీన్ల మీద "తెరిచి ఉంది" అని చెప్పే రసాయన గుర్తుల్ని ఈ ముఠా తీసేయిస్తుంది. ఇంకో ముఠా వచ్చి "మూసి ఉంది" అనే గుర్తులు వేస్తుంది. ఆఖరున డీఎన్‌ఏ మీదే మిథైల్ అనే రసాయన గుర్తులు పడి తాళం బిగుస్తుంది. మూయడమనే పని చేసేది ప్రొటీన్లే, ఎక్కడ మూయాలో చూపించేది మాత్రం ఆర్‌ఎన్‌ఏ. మీ అమ్మాయికి ఈ ఒక్క మాట పట్టుబడితే చాలు.

రెండో ఎక్స్ తెరిచి ఉండటానికి కూడా ఏర్పాటు ఉండాలి కదా. ఎలుకల్లో ఎగ్జిస్ట్‌కి ఎదురు దిశలో చదివే మరో ఆర్‌ఎన్‌ఏ ఉంది. ఇంగ్లిషులో ఎగ్జిస్ట్ (Xist) పేరునే వెనక నుంచి రాసి దానికి టీసిక్స్ (Tsix) అని పేరు పెట్టేశారు. అది పనిచేస్తున్న ఎక్స్ మీద ఎగ్జిస్ట్ తల ఎత్తదు. శాస్త్రవేత్తలకి కూడా ఇలాంటి చమత్కారాలు ఉంటాయి.

ఇంత హడావుడి దేనికంటే, ఎక్స్ పెద్దది, మనిషిలో దాని మీద వందల కొద్దీ జన్యువులున్నాయి, వై చాలా చిన్నది. ఆడదానికి రెండు ఎక్స్‌లూ పనిచేస్తే ఆ ప్రొటీన్లన్నీ మగదానికంటే రెట్టింపు తయారవుతాయి. ఒంట్లో లెక్కంతా పాళ్ళ మీద నడుస్తుంది, ఒక్కటి రెట్టింపైనా తేడా వస్తుంది. ఎలుకల్లో తండ్రి నుంచి వచ్చే ఎక్స్ మీద ఎగ్జిస్ట్‌ని తీసేసి చూశారు. ఆడ పిండాలు పుట్టకుండానే పోయాయి.

మీరూ, మీ అమ్మాయీ కూడా ఈ లెక్కన బంగారి లాంటివాళ్ళే. బొచ్చు లేదు కాబట్టి బయటికి కనిపించదు. రంగులు సరిగా పోల్చుకోలేని లోపం ఎక్స్ మీదిది. దాన్ని ఒక ఎక్స్ మీద మోస్తున్న స్త్రీ కంటిలో కొన్ని కణాలు ఒక ఎక్స్ మాట, కొన్ని రెండో ఎక్స్ మాట వింటాయి. బంగారి వీపు లాగే ఆ కంటిపొర కూడా మచ్చలు మచ్చలే. మంచి కణాలు చాలినన్ని ఉంటాయి గనక ఆవిడకి సాధారణంగా ఇబ్బందే తెలియదు. ఎక్స్ ఒక్కటే ఉన్న కొడుక్కి ఆ వెసులుబాటు లేదు.

ఇంకో మాట కూడా అమ్మాయి కోసమే. అన్ని జంతువులూ పిల్లిలాగే చేస్తాయనుకోవద్దని చెప్పండి. మగ్గిన అరటిపండు మీద మూగే చిన్న ఈగలున్నాయే, అలాంటి డ్రోసోఫిలా ఈగలో ఆడది ఏ ఎక్స్‌నీ మూయదు. మగదే తన ఒక్క ఎక్స్‌ని రెట్టింపు వేగంతో పనిచేయిస్తుంది. అక్కడా నడిపించేవి రెండు ప్రొటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏలే, రాక్స్-1, రాక్స్-2. పిల్లిలో షట్టర్ దించే పనికి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ ఈగలో షట్టర్ పూర్తిగా ఎత్తే పనికి వచ్చింది. కంగారూ జాతిలో ఎగ్జిస్టే లేదు, దాని పని చేసే మరో ఆర్‌ఎన్‌ఏ ఉంది, 2012లో బయటపడింది. అక్కడ ఎప్పుడూ తండ్రి ఎక్స్‌నే మూస్తారు, బొమ్మా బొరుసూ లేదు. ఒక అమెరికా తొండలో మగదాని ఎక్స్‌ని హుషారు చేసే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటి 2024లో దొరికింది. పోలికేమీ లేని ఈ ఆర్‌ఎన్‌ఏలు ఎవరికి వారే ఒకే సమస్య మీద పనికి కుదిరాయి. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే సంగతి ఇది.

కోళ్ళ లెక్క ఇంకా తిరకాసు. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యు. అంటే మనకి తలకిందులు. పుంజు తన రెండో జెడ్‌ని మొత్తంగా మూయదు, అందుకే జెడ్ మీది రంగు జన్యువుతో బంగారిలాంటి మచ్చల పుంజు రాదు. మరి రెట్టింపు సంగతి? జెడ్ మీదే పుట్టే చిటికెడు ఆర్‌ఎన్‌ఏ ఒకటి ఉంది. ఎగ్జిస్ట్ 17,000 అక్షరాలైతే ఇది ఇరవై చిల్లర. పుంజుల్లోనే జోరుగా తయారై, పాళ్ళు మించకూడని కొన్ని జన్యువుల్ని అదుపులో పెడుతుంది. దాన్ని తీసేస్తే పుంజు పిల్లలు గుడ్డులోనే చనిపోతున్నాయని, పెట్టలకి ఏమీ కావడం లేదని 2025లో ప్రచురించారు. సంక్రాంతికి పుంజుల మీద లక్షలు కాసే మనవాళ్ళకి ఆ పుంజు బతుకు ఇరవై చిల్లర అక్షరాల మీద నిలబడిందని చెబితే నమ్ముతారా? పట్టుపురుగులోనైతే ఆడదాని డబ్ల్యు మీద నుంచి వచ్చే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఏకంగా ఆడా మగా అన్నదే నిర్ణయిస్తుందని 2014లో జపాన్ వాళ్ళు చూపించారు.

సరే, మళ్ళీ మీ 40 వేల గండుపిల్లి దగ్గరికి వద్దాం.

అలాంటివి లేవని నేను అనను. ఉన్నాయి, వేలల్లో ఒకటి. పిల్లికి మామూలుగా 38 క్రోమోజోములు. ఎప్పుడో పొరపాటున ఒక ఎక్స్ ఎక్కువై 39తో, ఎక్స్ ఎక్స్ వైగా పుడుతుంది. వై ఉంది కాబట్టి మగది, రెండు ఎక్స్‌లున్నాయి కాబట్టి ఎగ్జిస్ట్ ఒకదాన్ని మూస్తుంది, మచ్చలు వస్తాయి. అయితే అలాంటి గండుపిల్లికి దాదాపుగా ఎప్పుడూ సంతానం కలగదు. ఇంకా అరుదుగా, కడుపులో రెండు పిండాలు ఒకటిగా అతుక్కుపోయి మూడు రంగుల మగది పుట్టొచ్చు. అది పిల్లల్ని కనగలిగినా, దాని బీజంలో వెళ్ళేది మామూలు నల్ల గండుపిల్లి ఎక్సో, మామూలు నారింజ గండుపిల్లి ఎక్సో. మూడు రంగులు అనే జన్యువు ఎక్కడా లేదమ్మా, పిల్లలకి ఇవ్వడానికి. ప్రతి పిల్లి ఒంటి మీదా ఆ బొమ్మ కొత్తగా పడాల్సిందే.

ఇది ఊహ కాదు, చేసి చూశారు. 2001లో అమెరికాలో టెక్సస్‌లో మొదటిసారి పిల్లిని క్లోనింగ్ చేశారు. డీఎన్‌ఏ ఇచ్చిన రెయిన్‌బో మూడు రంగుల పిల్లి. దాని ఒక్క కణం నుంచి తీసిన డీఎన్‌ఏతో పుట్టిన కూనకి కార్బన్ కాపీ అనే అర్థంలో సీసీ అని పేరు పెట్టారు. కాపీ మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు! తీసుకున్న ఆ కణంలో నారింజ ఎక్స్ మూసి ఉంది, మూసిన తాళం అలాగే వచ్చేసింది. డీఎన్‌ఏ అక్షరాలన్నీ ఒకటే అయినా రెయిన్‌బో, కూనా ఒక్కలా లేవు. లక్షల ఖరీదు ప్రయోగశాలలో కాని పని, మీ ఇంట్లో జత కలిపితే ఎలా అవుతుంది?

మూడు రంగుల కూనలే కావాలంటే దానికి పైసా ఖర్చు లేదు. నారింజ గండుపిల్లికీ నల్ల ఆడపిల్లికీ పుట్టే ఆడ కూనలన్నిటికీ నలుపూ నారింజా రెండూ వస్తాయి, తెలుపు కూడా కలిస్తే మూడు రంగులు. బంగారిలాంటిదైతే ఏ గండుపిల్లితో కలిసినా ఆడ కూనల్లో సగటున సగం అలా రావొచ్చు. అమ్మకం మాట మాత్రం మర్చిపొమ్మనండి. ఏ వీధిలో చూసినా ఉండే ఆడపిల్లికి వేలు పోసేవాళ్ళెవరు?

మీ ఆయన చూసిన వీడియో పూర్తి అబద్ధం కూడా కాదు. మూడు రంగుల గండుపిల్లి ఓడకి మంచిదని జపాన్ నావికుల నమ్మకం. 1956లో అక్కడి నుంచి అంటార్కిటికాకి వెళ్ళిన సోయా ఓడలో తకేషి అనే అలాంటి గండుపిల్లి ఉంది. షాపుల్లో చెయ్యి ఊపుతూ ఉండే పిల్లి బొమ్మ కూడా జపాన్‌దే, మీరే ఎన్ని అమ్మి ఉంటారో. పిల్లి ఎదురైతే గుమ్మంలో ఆగి మంచినీళ్ళు తాగే మన జిల్లాలో పిల్లిని తెచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టాలనుకున్నారంటే, ఒక రకంగా మీ ఆయన్ని మెచ్చుకోవాలి. ఆ పనికి బంగారి చాలు.

ఇక తండ్రి ఎవరన్నది. మగ కూనల్ని చూసి ఏమీ చెప్పలేం, వాటి ఎక్స్ బంగారి దగ్గర నుంచే వచ్చింది. నారింజ మగదానికి బంగారి నారింజ ఎక్స్, రెండోదానికి నలుపు ఎక్స్ దక్కాయి, అంతే. మూడు రంగుల ఆడ కూన కూడా ఎటైనా కావచ్చు. సాక్ష్యం చెప్పేది ఆ పూర్తి నల్ల ఆడ కూన. దానికి తండ్రి నుంచి ఒక ఎక్స్ వచ్చి తీరాలి. ఎదురింటి నారింజ గండుపిల్లి దగ్గర ఉన్నది నారింజ ఎక్స్ ఒక్కటే. అదే తండ్రి అయితే ఈ కూన ఒంటి మీద ఎక్కడో నారింజ కనిపించాల్సిందే. లేదు కాబట్టి ఈ కూన తండ్రి వేరు. అయితే ఒకే కాన్పులో పిల్లి పిల్లలకి ఇద్దరు తండ్రులు ఉండటం కద్దు. మిగతా మూడింటి విషయంలో ఎదురింటి గండుపిల్లిని పూర్తిగా విడిచిపెట్టలేను, నల్లదాని విషయంలో మాత్రం నిర్దోషి. ఎదురింటివాళ్ళతో ఆ గొడవ ఇక్కడితో ఆపేయండి.

నారింజ జన్యువు ఎక్స్ మీద ఉందని ఎప్పటి నుంచో తెలిసినా, అది ఏదన్నది 2025లో గానీ అచ్చులోకి రాలేదు. జపాన్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం విడివిడిగా ఒకటే చెప్పాయి. ఎక్స్ మీద ఒక జన్యువు లోపల దాదాపు 5,000 అక్షరాల ముక్క ఊడిపోయి ఉంది. ఆ ముక్క కూడా ప్రొటీన్ రాసే భాగంలోది కాదు. రంగు కణాల్లో ఊరుకోవాల్సిన జన్యువు ఆ ముక్క పోవడంతో పనిచేయడం మొదలుపెట్టింది, నలుపు బదులు నారింజ వచ్చింది. అమ్మాయి ఎమ్మెస్సీ దాకా వెళ్తే ఈ సంగతి పుస్తకంలో చదువుకుంటుంది. మనకి బంగారి ముందే చూపించేసింది.

అమ్మేవాడు వీడియో కాల్‌లో చూపిస్తానంటే రెండు విషయాలు గమనించండి. చాలామంది గోధుమ రంగు మీద నల్ల చారలుండి పొట్ట తెల్లగా ఉన్న పిల్లిని మూడు రంగులంటారు. అది కాదు. నారింజ మచ్చ, నల్ల మచ్చ విడివిడిగా ఉండాలి, చారల గోధుమ రంగుని లెక్కలోకి తీసుకోకండి. రెండోది, తోక ఎత్తి చూపించమనండి. ఆడదానిలో రెండు రంధ్రాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, కిందది సన్నటి నిలువు గీతలా ఉంటుంది. మగదానిలో మధ్య దూరం ఎక్కువ, కిందది గుండ్రంగా ఉంటుంది, రెండు నెలలు దాటితే మధ్యలో వృషణాల ఉబ్బు తెలుస్తుంది. బంగారి కూనల మీదే ముందు పోల్చి చూసుకోండి, నాలుగూ చేతిలో ఉన్నాయిగా. ఆడపిల్లిని మగదని అంటగట్టడమే ఈ బేరాల్లో తేలికైన మోసం. పిల్లి నిజంగా మగదే అయి, మచ్చలు నిజమే అయినా 40 వేలు మాత్రం పెట్టకండి. దాదాపుగా సంతానం ఇవ్వని పిల్లి అది.

మీ ఆయనతో మాట్లాడేటప్పుడు "నేను ముందే చెప్పాను" అనకండి, అమ్మాయిని కూడా అననివ్వకండి. అడ్వాన్సు ఇచ్చిన మనిషికి ఆ మాట వింటే మిగతాది కూడా ఇచ్చి నెగ్గాలనిపిస్తుంది. ఐదు వేలు పోతే పోయాయనుకుని, గరివిడి షరతు ఆయన నోటితోనే పెట్టించండి.

ఒకటి మర్చిపోయాను. కూనలకి రెండు నెలలంటున్నారు, బంగారి మళ్ళీ కట్టే వేళయింది. ఎలాగూ గరివిడి వెళ్తారు కాబట్టి దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి, అన్నిటికీ రేబిస్ టీకాల గురించి కూడా అడిగి రండి. మూడు రంగుల కూనని ఎవరో ఒకరు తీసుకుపోతారు. నారింజది కూడా నిలవదు. మనవైపు నల్లపిల్లిని ఇంట్లోకి రానివ్వడానికి జంకుతారు. ఆ నల్లది ఎవరికీ అక్కర్లేకపోతే నాకు కబురు పెట్టండి, విజయనగరం నుంచి నేనే వచ్చి తీసుకెళ్తాను.